వదినా మరదళ్ళ కబుర్లు: పేపరు పొట్లం పంచాయితీ

మరదలు: నమస్కారం. రాజోలులో వదిన మందుల కొట్టు వెనక గదిలో ఉన్నాం. ఈ వారం విషయం, గర్భనిరోధకాలు దుకాణాలకు ఎలా చేరాయన్నది. వదినా, మొదలుపెట్టు.

వదిన: టీ పొడితో మొదలుపెడతాను.

మరదలు: మళ్ళీ టీయా!

వదిన: విను. 1968లో ప్రభుత్వం నిరోధ్ కండోమ్‌లు తెచ్చినప్పుడు మూడింటి ప్యాకెట్టు 15 పైసలు. ఊరూరా చేర్చే పని బ్రూక్‌బాండ్, లిప్టన్, హిందుస్థాన్ లీవర్ వంటి కంపెనీలకు అప్పగించారు. టీ పొడి, సబ్బులు వెళ్ళే దారినే ఇవీ వెళ్ళాయి. ఆసుపత్రి లేని ఊళ్ళో కూడా కిళ్ళీకొట్టు ఉంటుంది కదా.

మరదలు: 1987 నుంచి మాలా-డి మాత్రలూ అలాగే. సరే, విషయం అయిపోయింది. ఇప్పుడు నీ పొట్లం సంగతి తేల్చు.

వదిన: తేల్చడానికి ఏముంది? ప్యాకెట్టు అడిగినవాళ్ళకు పాత పేపరు చుట్టి ఇస్తాను.

మరదలు: దగ్గు మందుకు చుట్టవే! ఇది దాచుకోవలసిన వస్తువని నువ్వే చెబుతున్నావన్నమాట.

వదిన: ఒక్క సాయంత్రం కౌంటరు దగ్గర కూర్చుని చూడు. కుర్రాడు వస్తాడు. ముందు తలనొప్పి మాత్ర అడుగుతాడు, తరువాత బ్లేడు. పక్కనున్న పెద్దాయన కదిలేదాకా దువ్వెనలు తిరగేస్తాడు. ఆ పెద్దాయన వాడికి మేనమామ వరస అయి ఉంటాడు. పొట్లం కట్టకపోతే వాడు అమలాపురం బస్సెక్కుతాడు, లేదా ఉత్త చేతులతో ఇంటికి పోతాడు.

మరదలు: మరి ఆడవాళ్ళు?

వదిన: వస్తారు. పిల్లల గ్రైప్‌వాటర్‌కు.

మరదలు: నా మంట అదే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ మధ్య పెళ్ళయిన ఆడవాళ్ళలో దాదాపు 70 శాతం కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే. మగవాళ్ళది ఒక శాతం కూడా లేదు. కొట్టు వాళ్ళకు, కోత మనకు!

వదిన: ఆ మాటకు వస్తే, రెండోవాడు పుట్టిన వారానికే మీ అమ్మగారు, "ఆపరేషన్ ఎప్పుడమ్మా?" అన్నారు. మాత్రలు అమ్మేదాన్ని నేను. మీ అన్నయ్య కూడా ఆ ఊసెత్తలేదు.

మరదలు: ...నాకు ఎప్పుడూ చెప్పలేదే.

వదిన: అడిగావా? సరేలే, టీ కంపెనీల సంగతికి వస్తే...

మరదలు: టీ వద్దు! నువ్వు ఏమన్నావు అమ్మతో?

వదిన: ఉండు, సరుకు ఆటో వచ్చింది. పెట్టెలు లెక్క చూసుకోవాలి.

మరదలు: రికార్డింగ్ ఆపనా?

వదిన: ఆపు. వచ్చి ఒక చెయ్యి వెయ్యి.