పిల్లవాడు ఎన్నడూ చూడని యార్డు

(గుంటూరులో తల్లిదండ్రులు, ఉపాధ్యాయుల సభలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు ఇప్పటికే రెండుసార్లు చదివారు, మూడోసారి నేను చదవను.

పిల్లల ఎదుగుదలను ఒక వ్యవస్థగా చూడటం గురించి చెప్పమన్నారు. కార్నెల్ విశ్వవిద్యాలయంలో యూరీ బ్రాన్‌ఫెన్‌బ్రెన్నర్ అనే ఆచార్యుడు 1979లో దీనిమీద పుస్తకం రాశాడు. పిల్లవాడి చుట్టూ వలయాలున్నాయన్నాడు. ఇల్లు, బడి ఒకటి. ఆ రెంటి మధ్య రాకపోకలు ఇంకొకటి. మూడోది విచిత్రమైంది: పిల్లవాడు అడుగైనా పెట్టని చోటు, అయినా వాడి రోజును నడిపించే చోటు. అమ్మానాన్నల పనిచోటు అలాంటిదే. మనకైతే మిర్చి యార్డు.

నేను ఐదో తరగతి చెప్పే రోజుల్లో ఒక పిల్లవాడుండేవాడు. సంక్రాంతి దాకా చురుగ్గా చదివినవాడు ఫిబ్రవరి రాగానే పాఠంలో తూగడం మొదలెట్టాడు. గోడకుర్చీ వేయించాను. ఒకరోజు కాదు, వారం. మొద్దు అని కూడా అన్నాను, అందరూ వింటుండగా. తర్వాత తెలిసింది. వాళ్లమ్మ సీజన్లో తొడిమలు తీసే పనికి పోయి చీకటి పడ్డాక వచ్చేది. ఎన్నిసార్లు కడిగినా చేతుల మంట పోదు కదా, ఆ చేతులతో చంటిదాన్ని తాకలేదు. చెల్లికి నీళ్లు పోయడం, అన్నం పెట్టడం, నిద్రపుచ్చడం అన్నీ వీడే.

వాడిలో లోపం వెతికాను చూడండి, అదే నా తప్పు.

ఇక్కడ కాళ్లమీద వేసుకుని పసిపిల్లలకు నీళ్లు పోసిన అమ్మమ్మలున్నారు, మీకు తెలిసే ఉంటుంది. పుట్టిన బిడ్డను నిలబెట్టి పట్టుకుంటే అడుగులేసినట్టు కాళ్లాడిస్తుంది. రెండు నెలలకల్లా మానేస్తుంది. మెదడు ఎదిగి ఆపేసిందని శాస్త్రవేత్తలు చాలాకాలం అనుకున్నారు. ఎస్తర్ థెలెన్ అనే ఆవిడ, ఆవిడ సహచరులు 1984లో అలాంటి బిడ్డల్ని నీళ్లలో నిలబెట్టి పట్టుకున్నారు. మళ్లీ అడుగులు! తొడలు ఒళ్లుచేసి బరువెక్కాయి, లేపే బలం ఇంకా రాలేదు, అంతే. నీళ్లు ఆ బరువు మోశాయి.

మా వాడికి నీళ్లెవరు పోశారు? నేను గోడకుర్చీ వేయించాను.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు, ముగిస్తా. తల్లిదండ్రుల సమావేశం ఏ వేళకు పెడతాం? పగలు పదకొండుకి. ఇవాళ్టి సభా అంతే! ఆ వేళకి ఆ తల్లులు ఎక్కడుంటారు? ఈ ఫిబ్రవరిలో రాత్రి ఎనిమిదింటికి, వాళ్ల పేటలోనే కూర్చుందాం. వచ్చేవాళ్లు చేతులెత్తండి. అయిదు, ఆరు... వెనకవరుసలో మాస్టారూ, మీరు?