తాబేలు గుడ్డు తిరగబడకూడదు

జువాలజీ విద్యార్థులందరికీ నమస్కారం. ఎక్కడికెళ్లినా నన్ను మొదట అడిగే ప్రశ్న ఒకటే: "మేడం, డాల్ఫిన్లతో ఈత కొట్టారా?" లేదమ్మా. నేను ఎక్కువగా చూసింది చచ్చిన తాబేళ్లని. తెల్లారకముందే విశాఖ తీరంలో జోడుగుళ్లపాలెం నుంచి సాగర్‌నగర్ వైపు నడవడం, ఒడ్డుకి కొట్టుకొచ్చిన ప్రతి ఆలివ్ రిడ్లే పెంకు కొలవడం, రెండోసారి లెక్కలోకి రాకుండా దానికి పెయింట్ పూయడం. నా మొదటి ఉద్యోగం అదే.

చాలావాటి ఒంటి మీద గాయమే ఉండదు. తాబేలుకి మనలాగే ఊపిరితిత్తులు ఉంటాయి కదా, పడవ వెనక ఈడ్చుకెళ్లే ట్రాల్ వలలో చాలాసేపు ఇరుక్కుంటే నీళ్లలోనే ఊపిరాడక పోతుంది. వేట నిషేధం ఉంది కదా అంటారు. అది ఏప్రిల్ 15న మొదలై జూన్ 14 దాకా ఉంటుంది, చేపలు గుడ్లు పెట్టే కాలం చూసి పెట్టింది. కానీ తాబేళ్లు మన తీరానికి ఎక్కువగా వచ్చేది అంతకుముందే, జనవరి నుంచి మార్చి మధ్య.

ఇక నా తప్పు సంగతి. మొదటి సీజన్‌లో ఒక గూడు దొరికింది, వందకు పైగా గుడ్లు. తాపీగా టీ తాగి, ఎండెక్కాక తవ్వి, బకెట్‌లో పోసుకుని హేచరీకి, అంటే గుడ్లని ఇసుకలో పూడ్చి కాపాడే చోటుకి, తెచ్చాను. యాభై రోజులు దాటాయి. నాలుగంటే నాలుగు పిల్లలు. పక్కనే వల బాగుచేసుకుంటున్న తాత ఒకాయన తలెత్తకుండానే అన్నాడు: "బంగాళాదుంపల్లా పోసీసినావు కదమ్మా. తల్లి పెట్టింది పెట్టినట్టే ఎత్తాల."

గుడ్డు పెట్టిన కొన్ని గంటలకే పిండం పెంకు లోపల పైభాగానికి అతుక్కుంటుంది. ఆ తర్వాత గుడ్డు తిరగబడితే పిండం బతకడం కష్టం. నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న సంగతే ఇది! తర్వాతి సీజన్‌లో తాతనే వెంట తీసుకెళ్లాను. హేచరీలో గూడు కూడా ఆయనే తవ్వాడు, కుండలాగా, మెడ సన్నంగా, అడుగు వెడల్పుగా.

ఇప్పుడు నా టెన్షన్ ఇసుక వేడి గురించి. సుమారు 30 డిగ్రీలు దాటితే పుట్టేవి ఎక్కువగా ఆడపిల్లలే. అందుకే హేచరీ మీద నీడ కోసం నెట్ కడుతున్నాం.

జనవరిలో నడకకి వచ్చేవాళ్లు పేర్లు ఇవ్వండి. తెల్ల లైటు టార్చి తేవద్దు, గుడ్లు పెట్టడానికి వచ్చిన తల్లి బెదిరి వెనక్కి వెళ్లిపోతుంది. ఫోన్ ఫ్లాష్ కూడా అంతే. టీ మాత్రం నడక అయ్యాకే.