స్టాప్ లాస్ పెట్టారు సరే, పెట్టిన చోటే ఉంచారా?

నమస్కారం అండీ. క్రిప్టో ట్రేడింగ్‌లో స్టాప్ లాస్, అంటే ధర ఇంతకు పడితే దానంతట అదే అమ్మేసే ఆర్డర్, పెట్టినా డబ్బు ఎందుకు పోతోందని నన్ను చాలామంది అడుగుతుంటారు. వాళ్లను నేను తిరిగి అడిగేది ఒక్కటే. పెట్టారు సరే, పెట్టిన చోటే ఉంచారా?

నాకిది ఒక రాత్రి తెలిసొచ్చింది. టైం రెండు దాటింది. లైటు తీసేసి పడుకుని ఫోన్ చూస్తున్నాను. ఆ ట్రేడ్ పొద్దున ప్రశాంతంగా కూర్చుని వేసిందే. ఎక్కడ కొనాలి, నా అంచనా తప్పైతే ఎక్కడ బయటపడాలి, అన్నీ కాగితం మీద రాసుకున్నాను. ధర మెల్లగా స్టాప్ లాస్ దగ్గరికి వచ్చింది. చార్టు మీద ఎర్ర గీత ఉంటుంది కదా, దాన్ని వేలితో పట్టుకుని కాస్త కిందికి లాగాను. ఇక్కడ సపోర్ట్ ఉంది, అంటే ఈ ధరకు కొనేవాళ్లు ఉన్నారు, ఇక్కణ్ణుంచి లేస్తుందని నాకు నేనే చెప్పుకున్నాను. ఇరవై నిమిషాలకు మళ్లీ లాగాను. మూడోసారి ఆ గీతనే తీసేశాను. ఖాతాలో ఒక్క శాతంతో పోవాల్సింది, తెల్లారేసరికి పద్దెనిమిది శాతం పోయింది.

పొద్దున ఆ గీత గీసినప్పుడు నాకు చార్టు కనిపించింది. రాత్రి దాన్ని లాగినప్పుడు పోతున్న డబ్బు తప్ప ఇంకేమీ కనిపించలేదు.

డానియల్ కానెమన్, ఏమస్ ట్వెర్‌స్కీ అనే ఇద్దరు సైకాలజిస్టులు 1979లో ప్రాస్పెక్ట్ థియరీని ప్రచురించారు. వంద వచ్చినప్పటి సంతోషం కన్నా వంద పోయినప్పటి బాధ ఎక్కువ అన్నమాట చాలామంది వినే ఉంటారు. అందులోనే ఇంకో విషయం ఉంది. నష్టం ఖాయమని తెలిసినప్పుడు దాన్ని తప్పించుకోవడానికి మనిషి అంతకన్నా పెద్ద నష్టం వచ్చే ప్రమాదానికైనా సిద్ధపడతాడు. ఎర్ర గీతను కిందికి లాగే వేలు చేసేది సరిగ్గా అదే.

క్రిప్టోలో ఈ బలహీనత ఇంకా ప్రమాదం. మార్కెట్ మూసే వేళంటూ లేదు, కాసేపు ఆగి ఊపిరి తీసుకునే వీలూ లేదు. 2020 మార్చి 12న బిట్‌కాయిన్ ఒక్క రోజులోనే దాదాపు 40 శాతం పడింది. పది రెట్ల లెవరేజ్‌తో ఉన్నవాళ్ల, అంటే అప్పుతో తమ డబ్బుకు పది రెట్ల విలువైన ట్రేడ్ వేసినవాళ్ల, డబ్బు తుడిచిపెట్టుకుపోవడానికి ధర పది శాతం కూడా పడక్కర్లేదు.

"ఇంత పడింది, ఇంకెంత పడుతుందిలే" అనే మాట కూడా చాలా కొంపలు ముంచింది. 2022 మేలో లూనా కాయిన్ 80 డాలర్ల పైనుంచి వారం రోజుల్లో సెంటులో చిన్న ముక్కకు వచ్చింది. 8 డాలర్ల దగ్గర, అంటే 90 శాతం పడ్డాక, చవగ్గా దొరికిందని కొన్నవాళ్ల డబ్బు కూడా దాదాపు మొత్తం పోయింది. దయచేసి ఇది గుర్తుంచుకోండి.

ఇప్పుడు లెక్కకు వద్దాం. ఖాతాలో 10,000 డాలర్లు ఉన్నాయనుకోండి. ఒక ట్రేడ్‌లో ఒక్క శాతం, అంటే 100 డాలర్ల వరకే పోవచ్చని ముందే అనుకున్నారు. 50 దగ్గర కొంటున్నారు, స్టాప్ 46 దగ్గర. ఒక్కో కాయిన్‌కు పోయేది 4. కాబట్టి కొనాల్సింది 25 కాయిన్లు. ముందు స్టాప్, దాన్నిబట్టి సైజు. మనలో చాలామంది ముందు సైజు పెట్టేసి, ఆ తర్వాత భయంతో స్టాప్ వెతుక్కుంటారు.

ఇలా వరసగా పది ట్రేడ్లు పోయినా ఖాతాలో తగ్గేది పది శాతం లోపే. అదే ఒక్కో ట్రేడ్‌కు పది శాతం పెడితే, పది పోయేసరికి 65 శాతం పోతుంది. మొదటికి రావాలంటే మిగిలినదాని మీద 187 శాతం సంపాదించాలి. ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఐదు ఆల్ట్ కాయిన్లలో, అంటే బిట్‌కాయిన్ కాని వేరే కాయిన్లలో, ఒక్కో శాతం రిస్క్ పెట్టి, రిస్క్ పంచేశానని అనుకోకండి. బిట్‌కాయిన్ గట్టిగా పడిన రోజు మిగతావీ దాని వెంటే పడతాయి. అది ఐదు శాతం పెట్టిన ఒకే ట్రేడ్ కింద లెక్క. వేగంగా పడుతున్నప్పుడు స్టాప్ కూడా మీరు అనుకున్న ధరకన్నా కింద అమ్మొచ్చు. మీరు కొని అమ్మే ఎక్స్చేంజే మూతపడితే ఏ స్టాపూ కాపాడదు. 2022 నవంబర్‌లో ఎఫ్‌టీఎక్స్ అనే క్రిప్టో ఎక్స్చేంజ్ దివాలా తీసినప్పుడు జరిగింది అదే.

పోగొట్టుకున్న చోటే వెతుక్కోవాలని మన పెద్దలు అంటారు. ట్రేడింగ్‌లో మాత్రం ఆ మాట వినకండి. నష్టపోయిన పది నిమిషాలకే అదే కాయిన్‌లో రెట్టింపు పెట్టే చెయ్యి కోపంతో పెడుతుంది.

ఆ రాత్రి తర్వాత నా ఫోన్‌లో ట్రేడింగ్ యాప్ లేదు. కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడే ట్రేడ్. కొన్న వెంటనే స్టాప్ ఆర్డర్ పెట్టేయాలి. తర్వాత దాన్ని పైకి జరపొచ్చు, కిందికి మాత్రం జరపకూడదు. ఒక రోజులో రెండు పోతే ఆ రోజుకు మూసేస్తాను. ట్రేడ్ వేసేముందు కాగితం మీద చివర్లో, ఇది పోతే పోయేది ఇంత అని అంకె రాస్తాను. ఆ అంకె చూసి మనసు కలుక్కుమంటే సైజు సగం చేస్తాను. అప్పటికీ అలాగే ఉంటే కాగితం పక్కన పెట్టి లేచిపోతాను.