డోలీ లేవకముందు

(పాడేరు ఏజెన్సీ గ్రామాల ఆరోగ్య కార్యకర్తల శిక్షణలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, ఎదురుగా కూర్చున్న ఆశా అమ్మలకు, అంగన్‌వాడీ టీచర్లకు, కొండ దిగి వచ్చిన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నమస్కారం. పేరుపేరునా చెప్పమని నిర్వాహకులు చీటీ ఇచ్చారు. అది జేబులోనే ఉంటుంది. మీలో సగం మంది చీకటి పడేలోపు గెడ్డ దాటాలి.

కార్డులో నా పేరు కింద రెండు అంశాలు వేశారు. ఉదయం "పరిశుభ్రత", మధ్యాహ్నం "అత్యవసర వైద్యం". మధ్యలో టీ. టీ మీద నాకు కోపం లేదు గానీ, ఈ రెంటినీ విడదీయడం మీద ఉంది. రోడ్డు, కరెంటు, సిగ్నల్ లేని ఊళ్లో ఇవి రెండు పాఠాలు కావు. కాబట్టి కలిపే చెబుతాను.

ప్రతి వానాకాలం పేపర్లో ఒక ఫొటో పడుతుంది. వెదురు బొంగుకు దుప్పటి కట్టి, అందులో మనిషిని వేసుకుని ఇద్దరు బురదలో నడుస్తుంటారు. చూసినవాళ్లు అయ్యో అంటారు, రోడ్డు వేయాలంటారు. వేయాలి, అందులో రెండో మాట లేదు. అయితే ఆ ఫొటోకు ముందటి రెండు రోజుల్ని ఎవరూ ఫొటో తీయరు. డోలీలో ఉన్నది విరేచనాల బిడ్డయితే, ఆ డోలీ ఇంటి గుమ్మం నుంచి బయలుదేరలేదు. చెలమ దగ్గర బయలుదేరింది.

ప్రసవాల్లో తల్లులు ఎందుకు చనిపోతున్నారో చూసిన థాడియస్, మెయిన్ అనే ఇద్దరు పరిశోధకులు 1994లో ఆలస్యాన్ని మూడుగా విడదీశారు. వెళ్దామని తేల్చుకోవడంలో ఆలస్యం, దారిలో ఆలస్యం, ఆస్పత్రిలో ఆలస్యం. మనం మాట్లాడేదంతా రెండోదాని గురించే. మొదటిది ఊళ్లో, మన చేతుల్లో ఉంది. దాని ఊసే ఉండదు.

సరే, చెలమ. ఊట నీరు భూమిలోంచి వచ్చేటప్పుడు చాలావరకు మంచిదే. పైకొచ్చాకే పాడవుతుంది. పశువు దిగుతుంది, బిందె అడుగున అంటిన మట్టి కలుస్తుంది, వాన పడితే పైగట్టు మీద ఉన్నదంతా కడుక్కుని వస్తుంది. అందుకే ఊట కన్ను దొరికేదాకా వెనక్కి తవ్వాలి. కన్ను చుట్టూ శుభ్రంగా కడిగిన రాళ్లు పేర్చి, ముందు గోడ కట్టి, పైన బంకమట్టి దిమ్మిస వేసి మూసెయ్యాలి. గోడలోంచి ఒక గొట్టం, దాని కింద బిందె పట్టేంత ఎత్తు. ఎక్కువైన నీరు పోవడానికి ఇంకో గొట్టం ఉండాలి. అది మరిచిపోతే నీరు వెనక్కి తన్ని ఊట వేరే దారి వెతుక్కుంటుంది, మీ గోడ మాత్రం ఎండిపోయి నిలబడుతుంది. పైగట్టున ఎనిమిది మీటర్ల దూరంలో అడ్డంగా కాలువ తీస్తే వాన నీరు పక్కకు పోతుంది. చుట్టూ ముళ్ల కంచె. మరుగుదొడ్డి గొయ్యి ఊటకు 30 మీటర్లకు తక్కువ దూరంలో ఉండకూడదు, అదీ పల్లంలోనే. పరీక్ష ఒకటే గుర్తుపెట్టుకోండి. వాన పడిన కొద్ది గంటలకే గొట్టంలో బురద నీరు వస్తోందంటే, మీరు తాగుతున్నది ఊట నీరు కాదు, గట్టు నీరు.

బురద నీటికి క్లోరిన్ పనిచేయదు. మట్టే దాన్ని తినేస్తుంది. ముందు తేరాలి. మన ముసలమ్మలు కుండ లోపలి గోడకు చిల్లగింజ అరగదీసి నీళ్లు పోసేవారు. మట్టి అడుగుకు దిగిపోతుంది, మంచి పద్ధతి. అయితే తేరిన నీళ్లన్నీ మంచి నీళ్లు కావు. గింజ మట్టిని దించుతుంది గానీ క్రిమిని చంపదు. తేరాక వడకట్టి కళపెళా మరగనివ్వాలి. మన కొండల ఎత్తుకు ఒక్క నిమిషం చాలు. పది నిమిషాలు మరిగించి కట్టెలు తగలెయ్యకండి.

ట్యాంకు ఉన్న ఊళ్లకు బ్లీచింగ్ పౌడర్. కొత్త పౌడర్‌లో క్లోరిన్ 33 శాతం దాకా ఉంటుంది. తేట నీళ్లయితే వెయ్యి లీటర్లకు 2.5 గ్రాములు, చిన్న టీ చెంచాకు తక్కువే. నేరుగా చల్లేస్తారు, అది తప్పు. బకెట్‌లో కొంచెం నీళ్లతో ముద్ద చేసి, ఇంకా నీళ్లు కలిపి పది నిమిషాలు ఉంచితే సున్నం అడుగుకు దిగుతుంది. పైతేట మాత్రమే ట్యాంకులో పొయ్యాలి. గంట ఆగి, నీళ్లలో మిగిలిన క్లోరిన్‌ను రంగుతో చూపే క్లోరోస్కోప్‌తో చూస్తే లీటరుకు 0.5 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలి. రంగు రాలేదంటే నీళ్లు మురికివి, లేదా పౌడర్ చచ్చిపోయింది. మూత లేని సంచి ఏజెన్సీ నెమ్ములో ఎన్నాళ్లో నిలవదు. సంచి మీద తేదీ చూడనివాళ్లు ట్యాంకులో సున్నం కలిపి క్లోరిన్ కలిపామని రిజిస్టర్‌లో రాస్తారు.

ఇప్పుడు సబ్బు. అక్టోబరు 15 చేతులు కడుక్కునే దినం. బ్యానర్ కడతారు, పిల్లల్ని వరసలో నిలబెట్టి తలా ఒక సబ్బు ఇచ్చి ఫొటో తీసుకుంటారు. బ్యానర్ మీద బొమ్మలో కుళాయి, తెల్లటి సింకు. కుళాయి ఏదండీ? అరకిలోమీటరు దిగి, బిందె నెత్తిన పెట్టుకుని ఎక్కి వచ్చిన ఆడమనిషి ఆ నీళ్లలో చెంబెడు చేతుల మీద కుమ్మరిస్తుందా? కుమ్మరించదు. ఆమెకు తెలియక కాదు, లెక్క తెలిసి. చెంబుతో కడిగితే అరలీటరు ఖర్చవుతుంది. ఆ లెక్క మార్చకుండా సబ్బు పంచడం సబ్బు కంపెనీకి సాయం.

లెక్క మార్చేది అయిదు లీటర్ల నూనె డబ్బా. రెండు పంగల కర్రలు రెండడుగుల ఎడంలో, అడుగున్నర లోతున పాతండి. డబ్బా పిడిలోంచి అడ్డకర్ర దూర్చి పంగల మీద పెట్టండి. మూతకు నాలుగైదు అంగుళాల కింద, ముందువైపు, కాల్చిన మేకుతో బెజ్జం, రెండు మిల్లీమీటర్లు. డబ్బా మెడకు తాడు, తాడు కొసకు కాలితో తొక్కే కర్ర. తొక్కితే డబ్బా వంగి సన్నటి ధార వస్తుంది, వదిలితే ఆగిపోతుంది. ఒకసారి కడగడానికి అరగ్లాసు కూడా పట్టదు. మురికి చెయ్యి డబ్బాను ముట్టుకోదు. చెడిపోయేదల్లా బెజ్జం పెద్దదైనప్పుడు, నీళ్లు బెజ్జం కంటే పైదాకా నింపినప్పుడు. కింద గులకరాళ్లు పొయ్యకపోతే బురదై దోమలు. సబ్బును పాత వలసంచిలో కట్టి వేలాడదీయండి. నవ్వకండి, కాకులు ఎత్తుకుపోతాయి. సబ్బు లేని రోజు పొయ్యిలో చల్లారిన బూడిద సబ్బంత నమ్మకం కాదు గానీ ఒట్టి నీళ్ల కంటే నయం. మట్టి మాత్రం వద్దు, అందులో ఏలికపాము గుడ్లుంటాయి. దొడ్డి నుంచి వచ్చాక, బిడ్డ ముడ్డి కడిగాక, అన్నం కలిపే ముందు. ఈ మూడు సార్లు చాలు. రోజుకు పదిసార్లని చెప్పి ఒక్కసారీ చేయించలేకపోతున్నాం.

గజ్జి గురించి ఒక్క మాట. పెర్మెత్రిన్ 5 శాతం మందు మెడ నుంచి కాలివేళ్ల దాకా, రాత్రి రాసి పొద్దున కడగాలి, వారానికి మళ్లీ. ఇంట్లో అందరికీ ఒకే రోజు రాయకపోతే రాసిందంతా దండగ. ఉతకలేని దుప్పట్లను ప్లాస్టిక్ సంచిలో మూడు రోజులు మూతి కట్టి పెట్టండి.

విరేచనాలకు వద్దాం. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం. లక్షల మంది శరణార్థులు సరిహద్దు దాటారు, పశ్చిమ బెంగాల్‌లోని బనగాఁవ్ శిబిరాల్లో కలరా. సెలైన్ సీసాలు అయిపోయాయి. అప్పుడు డాక్టర్ దిలీప్ మహాలనబీస్ గ్లూకోజు, ఉప్పు, వంటసోడా నీళ్లలో కలిపి డ్రమ్ముల్లో పెట్టి, తాగించే పని బంధువులకే అప్పగించారు. లీటరుకు గ్లూకోజు 22 గ్రాములు, ఉప్పు 3.5, సోడా 2.5. శిబిరంలో 30 శాతం దాకా ఉన్న చావులు 3.6 శాతానికి దిగాయి. చావులు ఆపినవాళ్లలో ఎక్కువమంది డాక్టర్లు కారు, పక్కన కూర్చున్న అమ్మలు, అక్కలు. దేశం ఆయనకు పద్మవిభూషణ్ ఇచ్చింది 2023లో, ఆయన పోయాక. దీన్ని కూడా ఆలస్యాల లెక్కలో వేసుకోవాలేమో!

మీలో ఎంతమంది ఇంట్లో లీటరు సీసా ఉంది? చెయ్యెత్తండి. చూశారా, అందరికీ ఉంది. వారపు సంతలో తాగి పారేసే నీళ్ల సీసా అది. మీ దగ్గరున్న కొలత పాత్ర అదొక్కటే, పారెయ్యకండి. ఆ శిబిరంలో తాగించినలాంటి ఉప్పు, గ్లూకోజు పొడే ఇవాళ్టి ఓఆర్ఎస్. పొట్లం 20.5 గ్రాములు, అది ఒక లీటరుకు. మొత్తం ఒకేసారి కలపాలి. కొంచెం చించి గ్లాసులో వేస్తే ఉప్పెంత పడిందో, గ్లూకోజెంత పడిందో ఎవరూ చెప్పలేరు. చిక్కబడితే నీరసం తగ్గదు, ఒంట్లో ఉప్పు పెరిగి బిడ్డకు ఫిట్స్ వస్తాయి. కలిపాక మరిగించకండి, 24 గంటలు దాటితే పారబొయ్యండి. పొట్లం లేదా? లీటరు నీళ్లలో చక్కెర ఆరు టీ చెంచాలు, ఉప్పు అర చెంచా, రెండూ తల కొట్టి. ఉప్పు గుప్పెళ్లతో కొలవద్దు, చెయ్యి చెయ్యికీ గుప్పెడు మారుతుంది.

రెండేళ్ల లోపు బిడ్డకు ప్రతి విరేచనానికీ 50 నుంచి 100 మిల్లీలీటర్లు, పెద్ద పిల్లలకు 100 నుంచి 200. గ్లాసుతో కాదు, చెంచాతో, నిమిషానికో రెండు నిమిషాలకో ఒకటి. కక్కితే పది నిమిషాలు ఆగి ఇంకా మెల్లగా మొదలుపెట్టాలి. కక్కాడని మానేస్తారే, డోలీ లేచేది అక్కడే. జింక్ 20 మిల్లీగ్రాములు 14 రోజులు, ఆరు నెలల లోపు బిడ్డకు సగం. విరేచనాలు ఆగాయని నాలుగో రోజు మానెయ్యకూడదు. తల్లిపాలు ఆపకూడదు. ఓఆర్ఎస్ పేరు చెప్పి అమ్మిన తియ్యటి డబ్బా నీళ్లు కూడా ఉండేవి, అవి విరేచనాల్ని పెంచుతాయి. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడితే, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ అలాంటి డబ్బాల మీద ఆ పేరు వాడొద్దంది. సంతలో పాత సరుకు ఉండొచ్చు, చూసి కొనండి.

కళ్లు లోపలికి పోయి, పొట్ట మీద చర్మం గిల్లి వదిలితే వెనక్కి మెల్లగా పోతుంటే, తాగలేకపోతుంటే, రక్తం పడితే ఇక లెక్కలు వద్దు, బయలుదేరండి. దారంతా చెంచా ఆపకండి. అయితే స్పృహ ఉంటేనే.

టీ తెచ్చారు. పంచండి, నేను ఆపను.

పాము. కొండ ఇళ్లలో ఎక్కువ భయపడాల్సింది కట్లపాముకు. రాత్రి వస్తుంది, నేల మీద పడుకున్నవాళ్లను కాటేస్తుంది. నొప్పి ఉండదు, వాపు ఉండదు. తెల్లవారుజామున కడుపునొప్పి, తర్వాత రెప్పలు వాలిపోతాయి. గాలి సోకిందని మంత్రం వేసే గురువు దగ్గరికి తీసుకెళ్తారు. అక్కడ పోయిన రెండు గంటలే ప్రాణం. ఇక్కడా శుభ్రతే ముందు. ధాన్యం ఇంట్లో కుప్ప పోస్తే ఎలుక వస్తుంది, ఎలుక కోసం పాము వస్తుంది. కట్టెల మోపు గోడకు ఆనించకండి. దోమతెర అంచుల్ని చాప కిందికి దోపి పడుకుంటే మలేరియా దోమ, కట్లపాము రెండూ బయటే.

కాటు పడితే మొదట తాడు కోసం పరుగెత్తుతారు. దీని మీద ఎన్నిసార్లు చెప్పినా తనివి తీరదు. కట్టు కట్టొద్దు. రక్తపింజర కాటుకు కాలు ఎలాగూ వాస్తుంది, పైన బిగించి కడితే రక్తం అందక కుళ్లుతుంది. విప్పగానే ఆగిన విషమంతా ఒక్కసారి ఎక్కుతుంది. అప్పటికే కట్టేసి ఉంటే దారిలో విప్పకండి, డాక్టరు ముందు, మందు సిద్ధంగా ఉన్నప్పుడు విప్పాలి. కోయొద్దు, పీల్చొద్దు, పసరు పొయ్యొద్దు. కడియాలు, మెట్టెలు, ఉంగరాలు వెంటనే తీసెయ్యండి, వాచాక రావు. ఎముక విరిగిన కాలికి కట్టినట్టు వెదురు బద్దలు కట్టి కదలకుండా చెయ్యండి. ఆ మనిషిని నడిపించకండి. కాటు వేసిన సమయం కాగితం మీద రాయండి. పామును చంపి మోసుకురానక్కర్లేదు, మన విషం విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ ఒకటే. ఊపిరి ఆగిపోతే నోట్లో నోరు పెట్టి ఊదుతూనే ఉండాలి. కట్లపాము కాటులో గుండె కొట్టుకుంటూ ఊపిరి మాత్రమే ఆగే సమయం ఒకటుంటుంది, అక్కడ మీరే ఆస్పత్రి.

ప్రసవం గురించి గంట మాట్లాడాలి, పది నిమిషాలే ఉంది. నెలలు నిండకముందే గర్భిణీ వసతి గృహానికి చేర్చండి. దారిలోనే కాన్పయితే శుభ్రమైన చేతులు, పరుపు, కొత్త బ్లేడు, శుభ్రమైన దారం, బొడ్డు మీద ఏమీ పూయకపోవడం. పసుపు కూడా వద్దు, పేడ సంగతి చెప్పక్కర్లేదు. పుట్టుక ధనుర్వాతం పోయిందని 2015లో దేశం ప్రకటించుకుంది, దాన్ని మనం వెనక్కి పిలవొద్దు. బిడ్డను వెంటనే రొమ్ముకు పట్టండి. గుడ్డ అయిదు నిమిషాల్లో తడిసిపోతుంటే అది మామూలు మైల కాదు, లేవండి.

ఇక డోలీ. దాన్ని వెక్కిరించను. అడుగు వెడల్పు దారిలో ముందొకరు, వెనకొకరే నడవగలరు, అందుకే అది పుట్టింది. దాని తప్పల్లా మనిషిని మడతపెట్టడం. స్పృహ లేనివాడి గడ్డం గుండెకు ఆని ఊపిరి మూసుకుపోతుంది. గర్భిణి వెల్లకిలా ఉంటే కడుపు బరువు పెద్ద రక్తనాళం మీద పడి కళ్లు తిరుగుతాయి, ఆమెను ఎడమవైపు తిప్పి పడుకోబెట్టాలి. అందుకని బొంగులు రెండు, ఏడెనిమిది అడుగులవి, పగుళ్లు లేనివి. రెండు బియ్యం సంచుల అడుగు మూలలు కోసి, బొంగుల్ని వాటిలోంచి దూర్చాలి. తలవైపు, కాళ్లవైపు రెండడుగుల అడ్డకర్రలు కట్టకపోతే బొంగులు దగ్గరకొచ్చి మళ్లీ డోలీయే. సంచుల్లేకపోతే దుప్పటి: మూడో వంతు దగ్గర ఒక బొంగు పెట్టి మడత, మడత మీద రెండో బొంగు, మిగిలింది దాని మీదికి. మనిషి బరువే దాన్ని పట్టి ఉంచుతుంది. స్పృహ లేనివాణ్ణి పక్కకు తిప్పి పడుకోబెట్టి, వెన్నుకు బట్టల మూట ఆనించండి. మోసేవాళ్లు ఆరుగురు కావాలి, పది నిమిషాలకు మార్పు. ఒకడు ముందే సిగ్నల్ దొరికే బండ దగ్గరికి పరుగెత్తాలి, 108కి చెప్పి, పాము కాటు మందు ఏ ఆస్పత్రిలో ఉందో కనుక్కోవాలి. ఆ ఆరుగురి పేర్లు, పరుగెత్తేవాడి పేరు ఈ రాత్రే అంగన్‌వాడీ గోడ మీద రాయండి. మనిషి పడ్డాక వెతకడం మొదలుపెడితే మొదటి ఆలస్యం అక్కడే మొదలవుతుంది.

రెండు బొంగులు, రెండు సంచులు బయట చింతచెట్టు కింద పెట్టించాను. కట్టిన స్ట్రెచర్ మీద ముందు రోగిని పెట్టకూడదు, ఊళ్లోకెల్లా బరువైనవాణ్ణి పడుకోబెట్టి లేపి చూడాలి. తమ్ముడూ, నువ్వే, వెనక వరసలో గోడకు ఆనుకున్నావే, లే. టీ గ్లాసు అక్కడ పెట్టి రా.