సెలిగ్మన్‌ను మూడు దారుల్లో చూడడం

అందరికీ నమస్కారం.

లాస్ వేగస్ నుంచి గ్రాండ్ కాన్యన్‌కు కారులో వెళ్ళేవాళ్ళు చాలామంది దారిలో అరిజోనాలోని సెలిగ్మన్‌లో ఆగుతారు. అమెరికా పాత జాతీయ రహదారి రూట్ 66 బోర్డు ముందు ఒక ఫొటో, ఒక ఫ్రిజ్ మాగ్నెట్, మళ్ళీ ఐ-40 హైవే. ఆ పావుగంటలో కనిపించేది బొమ్మల కొలువు లాంటి ఊరు: తుప్పు పట్టిన కార్లు, దుకాణాల కప్పుల మీద నిలబెట్టిన మనిషి బొమ్మలు, ఎటు చూసినా 66 అంకె. ఊరంతా టూరిస్టుల కోసం కట్టిన సెట్టింగు అనుకుని వెళ్ళిపోతారు. నిజానికి ఆ ఊరిని పెంచింది, ముంచింది, తేల్చింది మూడు దారులు. ముందు రైలు, తర్వాత రూట్ 66, ఆ తర్వాత ఇంటర్‌స్టేట్, అంటే రాష్ట్రాలను కలిపే వేగమార్గం ఐ-40. చూడడం కూడా ఆ వరసలోనే చూడాలని నా సలహా.

మొదట రైల్‌రోడ్ అవెన్యూకి నడవండి. అందరూ ఫొటోలు తీసుకునే చీనో వీధికి దక్షిణాన, పట్టాల పక్కన ఉంటుంది. టూరిస్టు బస్సులు అటు రావు. 1880ల్లో రైలు వచ్చిన కొత్తలో ఈ చోటుకు ప్రెస్కాట్ జంక్షన్ అని పేరు. రైలు మార్గానికి డబ్బు సమకూర్చిన బ్యాంకరు కుటుంబం సెలిగ్మన్లు. ఊరికి మిగిలిన పేరు వాళ్ళది. రైలు సిబ్బంది డ్యూటీ మారే చోటు కాబట్టి హోటళ్ళు, బార్లు, బిలియర్డ్స్ గదులు పట్టాల వైపు ముఖం పెట్టి వెలిశాయి. రైలు ప్రయాణికుల కోసం కట్టిన హవాసు హార్వీ హౌస్ అనే హోటల్ ఇక్కడే ఉండేది, 2008లో కూల్చేశారు. ఇప్పుడు వెతికినా కనబడదు.

1926లో రూట్ 66కి ఆ నంబరు ఇచ్చినప్పుడు సెలిగ్మన్‌లో రోడ్డు ఈ రైల్‌రోడ్ అవెన్యూ మీదుగానే పోయేది. 1933లో దాన్ని చీనో వీధికి మార్చారు. కార్లు అటు తిరగగానే వ్యాపారమూ అటే నడిచింది. దారి పక్కకు జరిగితే బేరం ఏమవుతుందో, 1978లో ఐ-40 ఊరిని తప్పించడానికి ముందే ఈ ఊరు ఒకసారి చూసేసిందన్నమాట. రెండు వీధుల భవనాలనూ పోల్చి చూడండి. పాత వీధిలో భవనాలు కాలిబాటను ఆనుకుని, నడిచి వచ్చేవాడి కోసం కట్టినట్టుంటాయి. చీనో వీధిలో కార్లు ఆపడానికి ముందు జాగా వదిలి, మోటెల్ గది తలుపు ఎదుటే కారు నిలిపేలా కట్టారు. నియాన్ బోర్డు మాత్రం రోడ్డు మీదకు పొడుచుకొచ్చినట్టు ఉంటుంది, దూరం నుంచే డ్రైవరు కంట్లో పడాలి కాబట్టి.

ఈ వీధిలో తప్పక ఆగాల్సింది స్నో క్యాప్ అనే చిన్న తిండి హోటల్ దగ్గర. హువాన్ డెల్గాడిల్లో 1953లో కట్టాడు. ఆయన రైల్వే ఉద్యోగి. కలపలో చాలావరకు రైల్వే వాళ్ళు పారేసిన తుక్కే. తలుపుకు రెండు పిడులుంటాయి, ఒకటి ఉత్తుత్తిది. ఆవాలసాస్ సీసా నొక్కితే పసుపు దారం ఎగిరి వస్తుంది, చొక్కా మీద పడిందని ఉలిక్కిపడతారు. చలికాలంలో మూసేస్తారు, తినాలంటే ఆ లెక్క చూసుకుని వెళ్ళండి.

ఇక మూడో దారి. 1978 సెప్టెంబర్ 22న ఐ-40 ఊరిని తప్పించి తెరుచుకుంది. ఇంటర్‌స్టేట్ మీదికి ఎక్కడ పడితే అక్కడ ఎక్కడం, దిగడం కుదరదు. ఎగ్జిట్ తీసుకుంటేనే ఊరు. అంతకుముందు ఊరి నడివీధే జాతీయ రహదారి, ఆగినా ఆగకపోయినా ప్రతి కారూ దుకాణం ముందు నుంచే పోవాలి. 1985లో రూట్ 66ను అధికారిక రహదారుల జాబితా నుంచే తీసేశారు. ఊరి మంగలి ఏంజెల్ డెల్గాడిల్లో, అంటే స్నో క్యాప్ హువాన్ తమ్ముడు, 1987లో కొందరిని కూడగట్టి అరిజోనా రూట్ 66 సంఘం పెట్టాడు. అదే ఏడాది సెలిగ్మన్ నుంచి కింగ్మన్ దాకా ఉన్న రోడ్డును రాష్ట్రం చారిత్రక మార్గంగా గుర్తించింది. ఇవాళ ఆ వీధిలో కనబడే బొమ్మలు, మాగ్నెట్లు చాలావరకు ఆ తర్వాతవే. వాటిని చూసి నవ్వుకోవచ్చు గానీ, ఆ ఊరు ఖాళీ కాకుండా నిలిచింది వాటి వల్లే.

వెళ్ళే పద్ధతి. తూర్పు నుంచి, అంటే విలియమ్స్ వైపు నుంచి వస్తుంటే ఎగ్జిట్ 139, క్రూక్టన్ రోడ్ దగ్గర ఐ-40 దిగిపోండి. ఊరి దాకా పాత రోడ్డే. నేల ఎలా ఉంటే అలా ఎక్కుతూ దిగుతూ పోతుంది, పక్కన రైలు పట్టాలు. నేరుగా ఊరి ఎగ్జిట్లు 123, 121 పట్టుకుంటే ఇదంతా పోతుంది.

పడమర వైపు కింగ్మన్ దాకా పాత రోడ్డు 85 మైళ్ళు దాటుతుంది. ఐ-40 కంటే దూరం ఎక్కువ. ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. ఫోన్‌లో కింగ్మన్ అని కొడితే మ్యాప్ మిమ్మల్ని ఐ-40 మీదికి తోసేస్తుంది, ఎందుకంటే దానికి కావలసింది తక్కువ సమయం. కాబట్టి పీచ్ స్ప్రింగ్స్, వాలెంటైన్, హాక్‌బెర్రీ, ఈ మూడింటినీ మధ్య స్టాపులుగా వేసుకోండి. సిగ్నల్ అక్కడక్కడా పోతుంది, మ్యాప్‌ను ముందే డౌన్‌లోడ్ చేసి ఉంచండి. పెట్రోలు సెలిగ్మన్‌లోనే నింపండి. హాక్‌బెర్రీ దుకాణం ముందున్న పాత పంపులు చూడముచ్చటగా ఉంటాయి, కానీ వాటిలో చుక్క పెట్రోలు రాదు. పీచ్ స్ప్రింగ్స్ హువాలపాయ్ తెగవారి ప్రభుత్వ కేంద్రం. అక్కడి నుంచి కొలరాడో నది దాకా దిగే డైమండ్ క్రీక్ రోడ్డుకు తెగ నుంచి అనుమతి తీసుకోవాలి. పక్కరోడ్డే కదా అని తిప్పేయకండి.

గడియారం సంగతి ఒకటి. అరిజోనాలో నవాహో తెగవారి ప్రాంతం తప్ప ఎక్కడా వేసవిలో గంట ముందుకు జరపరు. అందుకని వేసవిలో లాస్ వేగస్, సెలిగ్మన్ ఒకే టైములో ఉంటాయి. చలికాలంలో సెలిగ్మన్ గంట ముందుంటుంది. డిసెంబరులో వేగస్‌లో మధ్యాహ్నం బయలుదేరితే ఆ పోయిన గంటకు తోడు పొద్దు కూడా త్వరగా వాలుతుంది, పాత రోడ్డు చీకట్లో నడపాల్సి వస్తుంది. ఊరు ఎడారి రాష్ట్రంలో ఉన్నా 5,200 అడుగుల ఎత్తున ఉంది, చలికాలంలో మంచు పడుతుంది. జూలై నుంచి సెప్టెంబరు దాకా మధ్యాహ్నం ఉరుములతో వానలు. ఎండిపోయిన వాగులు నిమిషాల్లో పొంగుతాయి. రోడ్డు మీద నీళ్ళు పారుతుంటే దాటొద్దు, ఆగండి.

వీలుంటే రాత్రికి అక్కడే ఉండండి. పగలు బస్సులున్నంతసేపు చీనో వీధిలో నిలబడే చోటుండదు. సాయంత్రం దుకాణాలు కట్టేశాక నియాన్ బోర్డులు వెలుగుతాయి, వీధి అప్పుడు మీదే. గది తీసుకునేటప్పుడు మాత్రం పట్టాలకు దూరంగా ఉన్నది అడగండి. రైలు సిబ్బంది అక్కడ మారడం ఏనాడో ఆగిపోయింది గానీ గూడ్సు బండ్లు ఆగలేదు, రాత్రంతా కూత పెడుతూనే పోతాయి.