ఇంటి ఇన్నోవాలో కొండల మీద రాత్రి బస: కోయకుండా, వెల్డింగ్ లేకుండా చేసిన ఏర్పాట్లు

ఇప్పుడు తెర మీద మీరు చూస్తున్నది మా ఇంటి పాత ఇన్నోవా, మధ్యలో బెంచీ సీటు ఉన్న ఎనిమిది సీట్ల బండి. వారంలో ఐదారు రోజులు ఇది పిల్లలను బడికి దింపుతుంది, మా అమ్మను ఆసుపత్రికి తీసుకువెళుతుంది, పెళ్ళిళ్ళకు బంధువులను మోస్తుంది. చలికాలంలో మాత్రం శనివారం తెల్లవారుజామున విశాఖపట్నం నుంచి బయలుదేరి, పెందుర్తి, శృంగవరపుకోట మీదుగా అరకు వైపో, నర్సీపట్నం మీదుగా లంబసింగి వైపో వెళ్ళి, అక్కడ ఒక రైతును అడిగి, ఆయన సరేనన్న పొలం గట్టున రాత్రికి ఆగుతుంది. సోమవారం ఉదయం ఎనిమిదింటికి మళ్ళీ బడి ముందు ఉండాలి. ఈ రెండు పనులూ ఒకే బండి చేయాలన్న షరతు పెట్టుకున్న తరువాత, బండిలో ఏది బిగించినా తిరిగి విప్పడానికి వీలుండాలన్న నియమం దానంతట అదే వచ్చింది. ఈ వీడియోలో నేను చూపించే ప్రతి ఏర్పాటూ ఆ నియమానికి లోబడే ఉంటుంది.

ఈ నియమం వెనక చట్టం కూడా ఉంది. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా మన ఇష్టం వచ్చినట్టు బండిని మార్చడానికి వీలులేదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే విషయాన్ని స్పష్టం చేసింది. ఆర్.సి.లో సీట్ల సంఖ్య రాసి ఉంటుంది కనుక, సీట్లను శాశ్వతంగా తీసేసి మంచం బిగించాలనుకునేవారు ముందుగా రవాణా శాఖ కార్యాలయానికి వెళ్ళి అడగవలసిందే. మేము ఒక్క సీటు కూడా తీయలేదు, అన్నింటినీ మడిచాము. ముందు బంపరుకు ఇనుప గార్డు బిగించమని చాలామంది సలహా ఇచ్చారు. అటువంటి గార్డులను అనుమతించవద్దని కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు లేఖ రాసింది. అవి ఎదుట నడిచే మనిషికి ప్రమాదకరం, లోపల కూర్చున్నవారికి కూడా మేలు చేయవు. ఢీకొన్నప్పుడు నలగవలసిన భాగం నలగకపోతే, ఎయిర్‌బ్యాగులు సకాలంలో తెరుచుకోకపోయే అవకాశం ఉంది.

ఇక మంచం దగ్గరికి వద్దాం, ఎందుకంటే మా సమయమూ డబ్బూ ఎక్కువగా పోయింది ఇక్కడే. ఈ ఇన్నోవాలో చివరి వరుస సీట్లు రెండు పక్కలకూ లేచి, పట్టీతో కట్టుకుంటాయి. అలా లేచిన సీట్లు వెనక భాగంలో రెండు వైపులా చోటు తినేస్తాయి. మధ్య వరుసలో వీపును ముందుకు మడిచినప్పుడు మాత్రం తలుపు నుంచి తలుపు వరకు పూర్తి వెడల్పు దొరుకుతుంది. ఈ రెండు కొలతలకూ పొంతన కుదరక, మొదట నేను కాగితం మీద వేసుకున్న నలుచదరపు మంచం ఏ రకంగానూ లోపలికి పట్టలేదు. చివరికి తలల వైపు వెడల్పుగా, కాళ్ళ వైపు సన్నగా ఉండే ఆకారం తీసుకున్నాము. మనిషి భుజాల దగ్గరే కదా ఎక్కువ చోటు కావాలి, పాదాల దగ్గర అంత అక్కరలేదు. ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టెను విప్పి, బండిలో పరిచి, చక్రం మీది ఉబ్బును అనుసరించి కత్తితో కొద్దికొద్దిగా కోస్తూ, తేడా వచ్చిన చోట మరో ముక్క అతికిస్తూ, ఒక ఆదివారం సాయంత్రం మొత్తం ఆ అట్ట నమూనా మీదే గడిపాము. ఇప్పుడు మీరు చూస్తున్న ప్లైవుడ్ అంచు ఆ అట్ట అంచే. ఆ ఓపిక లేకపోతే చెక్క వృథా అవుతుంది.

మొదటి మంచాన్ని 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో చేయించాను. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న ఒక పూర్తి షీటు ఆ మందంలో సుమారు 35 కిలోలు తూగుతుంది. మాకు కాళ్ళతో, అడ్డపట్టీలతో కలిపి దాదాపు రెండు షీట్లు పట్టాయి. చేసిచ్చిన వడ్రంగి తాత ఒక మూల పట్టుకుని ఎత్తి చూసి, “బాబూ, ఇది మంచం బరువు కాదు, బీరువా బరువు” అన్నాడు. ఆయన మాట అప్పుడు పట్టించుకోలేదు. దాని మీద పరుపు, నీళ్ళ క్యాన్లు, పొయ్యి, గుడారం అన్నీ ఎక్కించి లారీలను తూచే కాటా మీదకు తీసుకువెళ్ళినప్పుడు అర్థమైంది, నలుగురం ఎక్కితే ఛాసిస్ ప్లేటు మీద రాసి ఉన్న గరిష్ఠ బరువుకు మేము ఎంత దగ్గరగా ఉన్నామో. మీరు కూడా దయచేసి బండిని ఒకసారి కాటా మీద పెట్టండి, అంచనాలను నమ్మవద్దు. 20 లీటర్ల నీళ్ళ క్యాను ఒక్కటే 20 కిలోలు.

రెండవ మంచం అల్యూమినియం చట్రం మీద 12 మిల్లీమీటర్ల నీరు తట్టుకునే ప్లైవుడ్‌తో చేసినది. నీరు తట్టుకునే ప్లైవుడ్‌కు భారత ప్రమాణమైన ఐ.ఎస్. 710 ముద్ర ఉన్నదే తీసుకోండి. మన సముద్రపు గాలికి మామూలు ప్లైవుడ్ రెండు వానాకాలాల్లో పొరలు పొరలుగా విడిపోతుంది. బోల్టులన్నీ స్టెయిన్‌లెస్ స్టీలువి. పలక మీద వరుసగా కనిపిస్తున్న ఈ రంధ్రాలు బరువు తగ్గించడం కోసం కొంత, గాలి ఆడడం కోసం ఎక్కువ.

ఆ గాలి అవసరం మాకు లంబసింగిలో తెలిసింది. డిసెంబరులో అక్కడ తెల్లవారుజామున ఉష్ణోగ్రత సున్నా దగ్గరకు దిగుతుంది. పిల్లలిద్దరూ బండి లోపల పడుకున్నారు, మేమిద్దరం వెనక తలుపుకు ఆనించి వేసిన గుడారంలో ఉన్నాము. చలికి భయపడి అద్దాలన్నీ పూర్తిగా ఎత్తేశాము. ఉదయం తలుపు తీసి చూస్తే అద్దాల లోపలి వైపు నీళ్ళు ధారగా దిగుతున్నాయి, దుప్పటి అంచులు తడిసి ఉన్నాయి, పరుపు ఎత్తితే దాని కింది పలక మీద చేతికి అంటేంత తేమ ఉంది. నిద్రలో ఒక్కొక్క మనిషి ఊపిరిలోనూ చెమటలోనూ కలిపి సుమారు ఒక గ్లాసు నీరు వదులుతాడు, అది చల్లని అద్దం మీదా చల్లని పలక మీదా చేరుతుంది. ఆ తరువాత నుంచి ఎంత చలి ఉన్నా ఎదురెదురు అద్దాలను రెండంగుళాలు దించే ఉంచుతున్నాము. మా ఆవిడ కుట్టిన ఈ దోమతెరను తలుపు పైభాగానికి దిండు గలీబు తొడిగినట్టు తొడిగి తలుపు వేస్తే చాలు, అద్దం దింపినా దోమ రాదు. మన్యంలో మలేరియా ఉందన్న సంగతి మరిచిపోకూడదు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. చలిగా ఉందని నిప్పుల కుంపటిని బండిలో గానీ గుడారంలో గానీ పెట్టకండి, ఇంజను నడుస్తుండగా ఏ.సి. వేసుకుని నిద్రపోకండి. కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, రంగు ఉండదు, నిద్రపోయిన మనిషికి అది మెలకువ కూడా రానివ్వదు. వంట ఎప్పుడూ బయటే చేయాలి. ఇన్నోవా వెనక తలుపు పైకి లేస్తుంది కనుక, చిన్న వానకు అదే పందిరి అవుతుంది. వంటకు వాడే సన్నని బ్యూటేన్ గ్యాసు డబ్బాలు లంబసింగి ఉదయాల్లో సరిగా మండకపోతే పొయ్యిని తప్పుపట్టకండి. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గర దాదాపుగా వాయువుగా మారడం మానేస్తుంది. రాత్రి ఆ డబ్బాను దుప్పట్ల మధ్య ఉంచితే ఉదయం కాఫీకి ఇబ్బంది ఉండదు.

విద్యుత్తు విషయంలో మా లెక్క ఇది. ఇంజను బ్యాటరీ మీద భారం వేయకుండా, మంచం కింద 100 ఆంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీని విడిగా పెట్టాము. 12.8 వోల్టుల దగ్గర అది 1,280 వాట్ అవర్లు ఇస్తుంది. చిన్న ఫ్రిజ్ 45 వాట్లు తీసుకున్నా, అది ఆగి ఆగి నడుస్తుంది కనుక రోజుకు 360 వాట్ అవర్లకు మించడం లేదు. దీపాలు, రెండు చిన్న ఫ్యాన్లు, ఫోన్లు కలిపితే మరో 180. అంటే రోజుకు 540 చొప్పున రెండు రాత్రులు నడుస్తుంది. అంతే సామర్థ్యమున్న లెడ్ యాసిడ్ బ్యాటరీలో సగమే వాడుకోవాలి, బరువు చూస్తే రెండింతలకు పైగా ఉంటుంది. ఇంజను నడిచేటప్పుడు, ముందున్న ఇంజను బ్యాటరీకి తీగతో కలిపిన 20 ఆంపియర్ల డి.సి. ఛార్జరు ద్వారా ఇది నిండుతుంది. అరకు వరకు దారిలో ఆగుతూ వెళ్ళే నాలుగు గంటల్లో సుమారు 80 ఆంపియర్ అవర్లు తిరిగి చేరుతాయి. అందుకే పైకప్పు మీద సోలారు పలక పెట్టలేదు.

వైరింగులో మాత్రం మాకు దేవుడే తోడున్నాడని చెప్పాలి. ఒక దుకాణంలో ముందు బ్యాటరీ నుంచి వెనక వరకు తీగ లాగించాము. ఫ్యూజును తీగకు వెనక కొసలో, ఛార్జరు పక్కన పెట్టారు. మూడు నెలల తరువాత కాలి కింది మ్యాట్ ఎత్తినప్పుడు, సీటు జరిగే ఇనుప పట్టా అంచుకు రాసుకుని తీగ తొడుగు అరిగిపోయి, లోపలి రాగి మెరుస్తూ కనిపించింది. అది ఇనుముకు తగిలి ఉంటే, మధ్యలో ఆపే ఫ్యూజు లేదు కనుక మొత్తం తీగ కాలిపోయేది. ఫ్యూజు ఉన్నది తీగను కాపాడడానికి. దానిని ముందు బ్యాటరీ టెర్మినల్‌కు జానెడు దూరంలో పెట్టాలి, తీగ మొత్తానికీ ముడతల గొట్టం తొడగాలి. వెనక కూడా బ్యాటరీయే ఉంది కనుక, దాని దగ్గర మరొక ఫ్యూజు ఉండాలి.

మట్టిదారి సంగతి చెబుతాను. ఈ ఇన్నోవా ఛాసిస్ మీద కట్టిన బండి, శక్తి వెనక చక్రాలకు వెళుతుంది. కనుక వెనక కొంత బరువు ఉంటే ఎర్రమట్టి ఎత్తుల మీద పట్టు దొరుకుతుంది. నేల నుంచి ఎత్తు 176 మిల్లీమీటర్లని తయారీదారు చెప్పినా, మనుషులూ సామానూ ఎక్కిన తరువాత మీరే టేపు పట్టుకుని కొలవండి. వెనక చక్రానికి అవతల బండి పొడవుగా ఉంటుంది కనుక, గుంతలోంచి ఎక్కేటప్పుడు తోక తగులుతుంది. అటువంటి చోట బండిని కొంచెం ఏటవాలుగా, ఒక చక్రం తరువాత ఒక చక్రం ఎక్కేలా నడపాలి. ఇంజను అడుగున నూనె నిలిచే సంపు కింద 3 మిల్లీమీటర్ల ఇనుప పలకను ఉన్న బోల్టు రంధ్రాలకే బిగించాము. కంకర దారిలో టైరు గాలిని కొంత తగ్గించి నెమ్మదిగా వెళ్ళి, తారు రోడ్డు ఎక్కే ముందు చిన్న కంప్రెసరుతో మళ్ళీ నింపుతాము. పైకప్పు మీద ఏమీ కట్టము. అనంతగిరి ఘాట్ మలుపుల్లో పైన ఉన్న ప్రతి కిలో బండిని పక్కకు లాగుతుంది. దిగేటప్పుడు బ్రేకు మీదే కాలు ఉంచకుండా, ఎక్కిన గేరులోనే దిగాలి.

అన్ని దారులూ ఈ బండివి కావు. బొర్రా దగ్గర కటికి జలపాతానికి వెళ్ళే రాళ్ళ దారిని నేను కొంత దూరం నడిచి చూసి, బండిని కిందే వదిలి అక్కడి జీపు ఎక్కాను. వాగు దాటవలసి వస్తే ముందు మనిషి దిగి నడవాలి. నీళ్ళు చక్రం మధ్య బిందువు దాటితే వెనక్కి తిరగాలి. భీమిలి వైపు ఇసుక మీదకు బండి దించమని అడిగే మిత్రులకు మా జవాబు ఒక్కటే: చలికాలం చివరి నుంచి వేసవి వరకు మన తీరంలో ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెడతాయి, ఆ గుడ్లు ఇసుకలో తక్కువ లోతునే ఉంటాయి.

తిరిగి వచ్చిన ఆదివారం రాత్రి మేము చేసే పని ఇప్పుడు మీరు చూస్తున్నారు. ఎనిమిది బోల్టులు విప్పితే మంచం మూడు ముక్కలవుతుంది, ఒక్కొక్కటి మా అబ్బాయి ఒక్కడే మోయగలడు. పలకలను మేడ మీద నిలువుగా ఆనించి ఆరబెడతాము. బండి అడుగు భాగాన్ని మంచినీటితో కడిగి, ఛాసిస్ అతుకుల్లో ఇరుక్కున్న ఎర్రమట్టిని కర్రపుల్లతో తీస్తాము. తడి మట్టికి మన ఊరి ఉప్పుగాలి తోడైతే తుప్పు అక్కడే మొదలవుతుంది. ఆ తరువాత సీట్లు దించి, పట్టీలు బిగించి, బడి సంచులు వెనక పెడతాము.