22 ఓట్లు, పారేసుకున్న పేరు: 37వ ఎపిసోడ్

సుధ: ఎర్ర లైటు వెలిగింది, మొదలైనట్టే. అందరికీ నమస్కారం. కిరణ్, 1952 మాట ఎత్తినప్పుడల్లా నువ్వు డాలర్ వేయాల్సిన ఆ హుండీ తెచ్చావా?

కిరణ్: తెచ్చానక్కా. బల్ల మీదే ఉంది. ఇవాళ ఖాళీగానే ఇంటికి పోతుంది, చూడండి.

సుధ: చూద్దాం. ఇవాళ మాట్లాడాల్సింది 2024 అక్టోబర్ 19న కెనడాలోని మన బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో, అంటే బీసీలో, జరిగిన ఎన్నికల గురించి. వాటివల్ల ఇక్కడి పార్టీలు ఏమైపోయాయో చూద్దాం. ఇంత ఆలస్యంగా ఎందుకని ఇద్దరు ముగ్గురు మెసేజ్ పెట్టారు. ఓట్ల లెక్క ఎప్పుడో తేలింది గానీ, పార్టీల లెక్క ఇప్పటికీ తేలలేదు. అందుకే.

కిరణ్: ముందు సీట్లు చెప్పేస్తాను. మొత్తం 93. అప్పటికే ప్రభుత్వంలో ఉన్న న్యూ డెమొక్రటిక్ పార్టీకి, అదే ఎన్‌డీపీకి 47, కన్సర్వేటివ్‌లకు 44, గ్రీన్స్‌కి 2. మెజారిటీకి కావలసింది సరిగ్గా 47. ఆ ఆఖరి సీటు ఎక్కడిదో మనవాళ్లందరికీ తెలుసు.

సుధ: సర్రే-గిల్డ్‌ఫర్డ్. మా ఇంటి నుంచి నడిచి వెళ్తే పోలింగ్ బూత్.

కిరణ్: ఎన్నికల రాత్రి అక్కడ కన్సర్వేటివ్ అభ్యర్థి హన్‌వీర్ సింగ్ రంధావా 103 ఓట్లతో ముందున్నారు. పోస్టులో వచ్చినవి, వేరే నియోజకవర్గాల్లో వేసినవి కలిపి లెక్కపెట్టేసరికి ఎన్‌డీపీ అభ్యర్థి గ్యారీ బెగ్ 27 ఓట్లతో ముందుకొచ్చారు. జడ్జి దగ్గర రీకౌంట్ అయ్యాక తేడా 22. ఒక ప్రభుత్వం ఆ 22 ఓట్ల మీద నిలబడిందక్కా. నాకు ఇక్కడ ఇంకా ఓటు లేదు, పౌరసత్వం రాలేదు, పీఆర్ (శాశ్వత నివాసం) మీదే ఉన్నాను కదా. అయినా ఆ మూడు వారాలు నిద్రపట్టలేదు.

సుధ: ఆ సంగతికి తర్వాత వద్దాం. ముందు నన్ను తొలిచేస్తున్న ప్రశ్న ఒకటుంది. ఈ రాష్ట్రాన్ని 2001 నుంచి 2017 దాకా ఏలిన పార్టీ 2024 బ్యాలెట్ మీద లేనే లేదు. 2001లో 79 సీట్లకు 77 గెలిచిన పార్టీ అది. బీసీ లిబరల్స్. అంత పెద్ద చెట్టు వేళ్లతో సహా ఎలా పోయింది? నేనైతే పేరు మార్చుకోవడం వల్లే పోయిందంటాను.

కిరణ్: పేరు వల్ల కాదక్కా.

సుధ: పూర్తిగా విను. 2023 ఏప్రిల్‌లో ఆ పార్టీ నాయకుడు కెవిన్ ఫాల్కన్ పాత పేరు తీసేసి బీసీ యునైటెడ్ అని పెట్టారు. వింటే ఫుట్‌బాల్ టీమ్ పేరులా ఉంది. రెండు నెలలకే లాంగ్‌ఫర్డ్-వాన్ డి ఫ్యూకాలో ఉపఎన్నిక వచ్చింది. ఆ పార్టీకి నాలుగో స్థానం. అప్పటికి అసెంబ్లీలో ప్రధాన ప్రతిపక్షం అది! బ్యాలెట్ చేతిలో పట్టుకున్న మనిషికి తన పార్టీ ఏదో కనబడకపోతే ఎవరికి వేస్తాడు?

కిరణ్: ఆ ఉపఎన్నికలో రెండో స్థానం ఎవరిది?

సుధ: కన్సర్వేటివ్‌లది.

కిరణ్: 2020లో రెండు శాతం ఓట్లు కూడా రాని పార్టీ అది. అది రెండో స్థానానికి ఎలా వచ్చింది? 2022 ఆగస్టులో తన పార్టీ ఎమ్మెల్యే జాన్ రస్టాడ్‌ని ఫాల్కన్ వెళ్లగొట్టారు కాబట్టి. వాతావరణ మార్పులో కార్బన్ డయాక్సైడ్ పాత్రను ప్రశ్నించే పోస్టు ఒకటి ఆయన షేర్ చేశారు. వెళ్లగొట్టిన రోజు ఆయన పుట్టినరోజు కూడా. పదిహేడేళ్లుగా గెలుస్తున్న మనిషిని పుట్టినరోజు నాడు బయటికి పంపారు. ఆయన వెళ్లి, ఎవరూ పట్టించుకోని పార్టీలో చేరి, 2023 మార్చిలో నాయకుడయ్యారు. పార్టీ పోయింది ఆ రోజు. పేరు మార్చింది ఆ తర్వాత.

సుధ: ఆ పోస్టు సంగతిలో ఫాల్కన్‌ది తప్పని నేననను. 2021లో లిటన్ ఊరు దాదాపు మొత్తం కాలిపోయింది. అదే ఏడాది నవంబర్‌లో సుమాస్ ప్రైరీ మునిగింది. అవన్నీ చూశాక అలాంటి మాటని ఎలా ఊరుకుంటారు?

కిరణ్: ఊరుకోమనలేదు. పదవి తీసేయొచ్చు, పక్కన కూర్చోబెట్టొచ్చు. పార్టీలోంచి పంపితే మనిషి ఇంకో గుమ్మం వెతుక్కుంటాడని తెలియాలి కదా. ఈ రాష్ట్రంలో అది ముందూ జరిగింది. 1952లో...

సుధ: హుండీ!

కిరణ్: ...వేస్తున్నాను. ఇదిగో డాలర్. కానీ చెప్పనివ్వండి, ఇక్కడ అవసరం అది. లిబరల్స్, కన్సర్వేటివ్‌లు 1941 నుంచి కలిసి ఏలారు. సోషలిస్టులను, అంటే ఇప్పటి ఎన్‌డీపీకి మాతృపార్టీ అయిన సీసీఎఫ్‌ని ఆపడానికే ఆ పొత్తు. పొత్తు విరిగేముందు ఓటు పద్ధతి మార్చారు. ఒక్క టిక్కు కాకుండా 1, 2, 3 అని వరస పెట్టాలి. లిబరల్ ఓటరు రెండో నంబరు కన్సర్వేటివ్‌కి ఇస్తాడు, కన్సర్వేటివ్ ఓటరు లిబరల్‌కి ఇస్తాడు, సీసీఎఫ్ బయటుంటుంది అని వాళ్ల లెక్క. జనం ఇద్దరినీ కాదని సోషల్ క్రెడిట్‌కి ఇచ్చారు! సోషల్ క్రెడిట్‌కి 19, సీసీఎఫ్‌కి 18. పోలింగ్ రోజుకి గెలిచిన పార్టీకి సొంత నాయకుడు కూడా ఖరారు కాలేదు. తర్వాత ఎన్నుకున్నది డబ్ల్యూ.ఏ.సి. బెన్నెట్‌ని. అంతకుముందు ఏడాదే కన్సర్వేటివ్‌ల నుంచి బయటికొచ్చిన మనిషి. ఇరవై ఏళ్లు ఏలాడు.

సుధ: అదే నేనూ అంటున్నాను కిరణ్. జనం నాయకుణ్ని చూసి వెయ్యలేదు కదా, నాయకుడే లేడు! బ్యాలెట్ మీద కనబడ్డ పేరుకి వేశారు. 2024లో కూడా అంతే. మా వీధిలో రస్టాడ్ ఎవరో నలుగురికి తెలీదు. టీవీలో రోజూ కేంద్రంలోని కన్సర్వేటివ్‌ల నాయకుడు పియరీ పొలియెవ్ర్ కనబడుతున్నాడు, బ్యాలెట్ మీద కన్సర్వేటివ్ అని ఉంది, వేశారు. ఢిల్లీ పార్టీ, రాష్ట్ర పార్టీ ఒకటే అనుకునే అలవాటు మనది. ఇక్కడ ఒట్టావాలోని కేంద్ర కన్సర్వేటివ్‌లకు, విక్టోరియాలోని మన రాష్ట్ర కన్సర్వేటివ్‌లకు పార్టీపరంగా సంబంధమే లేదు. అది ఎంతమందికి తెలుసు?

కిరణ్: మరి ట్రూడో లిబరల్స్‌కీ బీసీ లిబరల్స్‌కీ కూడా సంబంధం లేదుగా. ఆ పేరు బరువైందనే కదా మార్చింది.

సుధ: ఆ తేడా జనానికి ఇరవై ఏళ్లు పట్టి అర్థమైంది. ఇక్కడ లిబరల్ అంటే వ్యాపారస్తుల పార్టీ అని చిన్నపిల్లాడికీ తెలుసు. సంపాదించుకున్న పేరు అది. దాన్ని తీసి అవతల పెట్టారు. టీఆర్ఎస్ బీఆర్ఎస్ అయినట్టు.

కిరణ్: ఆ మాట ఎత్తుతారని తెలుసు.

సుధ: 2022లో పేరు మార్చారు, 2023 డిసెంబర్‌లో ఓడిపోయారు.

కిరణ్: అక్కా, నేను హన్మకొండ వాణ్ని. పదేళ్ల పాలన మీద ఉన్న కోపం అది. ఉద్యోగాల నోటిఫికేషన్లు, పేపర్ లీకులు, ధరణి. మా తమ్ముడు గ్రూప్స్‌కి ప్రిపేరై ప్రిపేరై వయసు దాటిపోయింది. వాడి ఓటుని ఒక అక్షరం మార్పు కింద లెక్కేస్తే నేను ఒప్పుకోను.

సుధ: సరే, మీ తమ్ముడి సంగతి అలా ఉంచు. మీ అమ్మగారు ఏమన్నారు? నిజం చెప్పు. ఆ రోజు నాకు ఫోన్లో చెప్పావు.

కిరణ్: ...అమ్మ అన్నది, "పేర్ల తెలంగాణ ఎందుకు తీసిన్రు బిడ్డా" అని. అంతే అంది. ఉద్యమంలో రోడ్డు మీద వంట చేసిన మనిషి. ఇంకేం మాట్లాడలేదు.

సుధ: చూశావా.

కిరణ్: అది గెలుపోటముల సంగతి కాదక్కా. అమ్మ మనసుకి తగిలింది. రెండూ ఒకటి కాదు.

సుధ: నాకు ఒకటేననిపిస్తుంది. సరే. ఇద్దరం ఒప్పుకోం.

కిరణ్: ఒప్పుకోం. కానీ ఒక్కటి. 2024 ఆగస్టు 28న ఫాల్కన్, రస్టాడ్ పక్కపక్కన నిలబడి, బీసీ యునైటెడ్ ఇక పోటీ చేయదని చెప్పారు. ఎన్నికలకు రెండు నెలలు కూడా లేవు. ఆ పార్టీ ఎమ్మెల్యేలలో కొందరు స్వతంత్రులుగా నిలబడ్డారు. పీస్ రివర్ సౌత్‌లో మైక్ బెర్నియర్ లాంటివాళ్లు, సొంత ఊళ్లో పేరున్న మనుషులు. ఒక్కరు గెలవలేదు. ఇది మీ వాదనకి బలమే, ఒప్పుకుంటున్నాను. గుర్తు లేకపోతే మనిషి ఎంత మంచివాడైనా చాలదు.

సుధ: ఇన్నాళ్లకి! ఇక గిల్డ్‌ఫర్డ్ దగ్గరికి వస్తాను.

కిరణ్: మావయ్యగారి సంగతి చెప్తారా? చెప్పనన్నారుగా.

సుధ: చెప్తాను. ఆ శనివారం ఎలాంటి వానో గుర్తుందిగా. రోడ్ల మీద నీళ్లు, కొన్ని చోట్ల కరెంటు లేదు. మా మావయ్యగారికి 78. పౌరసత్వం వచ్చాక మొదటి ప్రొవిన్షియల్ ఎన్నికలు. పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఐడీ కార్డు జేబులో పెట్టుకుని కూర్చున్నారు. తెనాలిలో ప్రతి ఎన్నికకీ అలాగే వెళ్లేవారట. నేను వద్దన్నాను. మోకాళ్ల నొప్పి, మెట్లు తడిగా ఉన్నాయి, జారితే ఎవరు చూస్తారు, మీ ఒక్క ఓటుతో ఏమవుతుంది మావయ్యగారూ అన్నాను. ఆ మాటే అన్నాను. ఆయన ఏమీ అనలేదు. చొక్కా మార్చుకోకుండా సాయంత్రం దాకా కిటికీ దగ్గరే కూర్చున్నారు.

కిరణ్: అడ్వాన్స్ ఓటింగ్ ఆరు రోజులు పెట్టారు కదా అక్కా...

సుధ: పెట్టారు. ఆ వారం నాకు రెండు షిఫ్టులు. పోస్టులో కూడా వేయొచ్చు. అదీ ముందే చూడాలని నాకు తోచలేదు. రీకౌంట్ అయ్యాక 22 అని వార్తల్లో వచ్చినప్పుడు ఆయన పక్కనే ఉన్నారు. నా వైపు చూడలేదు. అదే ఎక్కువ బాధేసింది. ఆయన ఎవరికి వేసేవారో కూడా నాకు తెలీదు. నేను వేసింది ఒకటి, ఆయన వేయనిది ఒకటి. ఇరవై రెండు అంటే మా అపార్ట్‌మెంట్‌లో ఒక అంతస్తు.

కిరణ్: ...మంచినీళ్లు తాగండక్కా.

సుధ: పర్లేదు. నువ్వు చెప్పు. అసలు టాపిక్ మిగిలిపోయింది. ఎన్నికల తర్వాత ఏమైందో త్వరగా చెప్పెయ్.

కిరణ్: త్వరగానే చెప్తాను. 47లో ఒకరు స్పీకర్ కుర్చీలో కూర్చుంటారు, బర్నబీ నుంచి రాజ్ చౌహాన్. మిగిలింది 46. అటు 44, 2 కలిపితే 46. సమానం. అందుకే డిసెంబర్‌లో ఎన్‌డీపీ ప్రీమియర్, అంటే మన లెక్కలో ముఖ్యమంత్రి, డేవిడ్ ఈబీ గ్రీన్స్‌తో ఒప్పందం చేసుకున్నారు. 2017లో 41 మందితో ఎన్‌డీపీ నాయకుడు జాన్ హోర్గన్ కూడా గ్రీన్స్ మద్దతుతోనే వచ్చారు. అయినా 2025 మేలో ప్రాజెక్టులకు త్వరగా అనుమతులిచ్చే 15వ బిల్లుకి గ్రీన్స్ ఎదురు ఓటేశారు. స్పీకర్ ఓటుతో గట్టెక్కింది.

సుధ: ఆ బిల్లు మీద ఫస్ట్ నేషన్స్, అంటే ఇక్కడి ఆదివాసీ నాయకులు ఎంత బాధపడ్డారో మర్చిపోకు. తమతో మాట్లాడకుండా తెచ్చారన్నారు. అంత తక్కువ మెజారిటీతో అంత పెద్ద పని, అంత హడావిడిగా చేయకూడదు. నేను ఈబీకే వేశాను, అయినా అంటున్నాను.

కిరణ్: ఎన్నికల ముందే ఈబీ మారిపోయారు కదా. కన్సర్వేటివ్‌లు పెరుగుతున్నారని చూసి, ఒట్టావా అడ్డు తీస్తే కార్బన్ టాక్స్ ఎత్తేస్తానన్నారు. అసలు నష్టం సర్రేలో జరిగింది. విద్యాశాఖ మంత్రి రచనా సింగ్ సర్రే నార్త్‌లో ఓడిపోయారు.

సుధ: సర్రేలో ఎమర్జెన్సీకి వెళ్లిన ఎవర్ని అడిగినా కారణం చెప్తారు. మా బాబు చెయ్యి విరిగినప్పుడు ఒక ఆస్పత్రిలో తొమ్మిది గంటలు కూర్చున్నాం. ఇంత పెద్ద ఊరికి ఆస్పత్రి చాలదని ఇరవై ఏళ్లుగా అంటున్నారు. సరే, కన్సర్వేటివ్‌లు?

కిరణ్: వాళ్ల ఇల్లూ నిలవలేదు. 2025 మార్చిలో తమ ఎమ్మెల్యే డాలస్ బ్రోడీని రస్టాడ్ బయటికి పంపారు, ఆమె వెనక ఇంకో ఇద్దరు వెళ్లిపోయారు. వాళ్లలో ఒకరితో కలిసి ఆమె జూన్‌లో వన్‌బీసీ అని కొత్త పార్టీ పెట్టారు. తర్వాత మన క్లోవర్‌డేల్ ఎమ్మెల్యే ఎలెనోర్ స్టర్కోని పంపారు. డిసెంబర్‌లో రస్టాడే దిగిపోయారు. తాత్కాలిక నాయకుడిగా సర్రే-వైట్ రాక్ ఎమ్మెల్యే ట్రెవర్ హాల్ఫర్డ్ వచ్చారు. ఒకప్పుడు తనని వెళ్లగొట్టారని పార్టీ కట్టుకున్న మనిషి, తనూ అదే పని చేశాడు.

సుధ: ఆయన కట్టుకున్నది కాదు కిరణ్. ఓట్లు ఆ ఇంట్లో అద్దెకి దిగాయి. పొత్తు నుంచి సోషల్ క్రెడిట్‌కి, అక్కణ్నుంచి 1991 తర్వాత లిబరల్స్‌కి, ఇప్పుడు ఇక్కడికి. అదే సామాను, అదే కుటుంబం.

కిరణ్: మరి బెన్నెట్ ఇరవై ఏళ్లు ఎలా నిలబెట్టాడు? ఎందుకంటే 1953లో గెలిచాక ఆ 1, 2, 3 పద్ధతి తీసేశాడు. తను ఎక్కి వచ్చిన నిచ్చెన! అది ఉండి ఉంటే రస్టాడ్, ఫాల్కన్ ఇద్దరూ బ్యాలెట్ మీద ఉండేవారు, ఎవరూ మూట సర్దుకోనక్కర్లేదు. 2005లో జనం 57 శాతం పైగా పద్ధతి మార్చమన్నారు, అరవై కావాలని ఆపేశారు. 2018లో మళ్లీ అడిగితే పాతదే ఉంచమన్నారు. మొదటిసారే ఇచ్చి ఉంటే...

సుధ: ఇంకో డాలర్.

కిరణ్: 1953 అన్నానక్కా! 52 అనలేదు.

సుధ: లెక్కలోకి వస్తుంది. వెయ్యి.

కిరణ్: రాదు. శ్రోతల్ని అడగండి. మొదటి ఎపిసోడ్‌లో మనం పెట్టుకున్న రూల్ ఏంటంటే...

సుధ: ఆగు, మావయ్యగారు పైనుంచి పిలుస్తున్నారు. ఆ, వస్తున్నానండీ! టాబ్లెట్ వేసుకునే టైమైంది. కిరణ్, ఆ లైటు ఆపెయ్...

కిరణ్: 53 లెక్కలోకి రాదని మాత్రం రికార్డులో ఉం